ఊహాలోకపు ప్రాంతాలు, వాటి వివరసూచికలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఈ పాఠం చదవడానికి మీరు కంప్యూటర్ ఆటలు ఆడి ఉండనవసరం లేదు. నేను కూడా ఆడినవాణ్ణి కాను. మా మనవడి పక్కన కుర్చీ వేసుకుని చూసినవాణ్ణి మాత్రమే. అయితే ఆ ఆటలతో పాటు వెలువడిన పుస్తకాలను శ్రద్ధగా చదివాను. నిఘంటువు, విజ్ఞాన సర్వస్వం, గెజెటీర్ వంటి ఆకర గ్రంథాలను విమర్శకుడు ఏ దృష్టితో చూడాలో అదే దృష్టితో వీటినీ చూడవచ్చునని నా అభిప్రాయం. ఒక రచయిత ఒక లోకాన్ని కల్పించి, అందులోని దేశాలను, నదులను, ఊళ్ళను వివరిస్తూ ఒక సూచిక తయారుచేశాడనుకోండి. ఆ సూచిక ఎలా ఉంటే మంచిది? ఈ పాఠంలో చర్చించే ప్రశ్న ఇదే.

1. నోటు పుస్తకంలో ఒక కొట్టివేత

మా మనవడు ఒక నోటు పుస్తకంలో 'ఎల్డర్ స్క్రోల్స్' ఆటల్లోని ప్రాంతాల వివరాలు రాసుకుంటుంటాడు. ఆ ఆటలు జరిగే ఖండం పేరు టామ్రియెల్. అందులో తొమ్మిది రాష్ట్రాలు. మధ్యనున్నది సిరోడిల్, సామ్రాజ్యానికి కేంద్రం. సిరోడిల్ పేజీలో వాడు మొదట 'దట్టమైన ఉష్ణమండలపు అడవి' అని రాశాడు. తర్వాత దాన్ని గట్టిగా కొట్టేసి, పైన 'పచ్చిక మైదానాలు, చల్లటి అడవులు, ఉత్తరాన మంచు కొండలు' అని రాశాడు. "తాతయ్యా, రెండూ పుస్తకాల్లో ఉన్నాయి, ఏది కరెక్టు?" అని అడిగాడు. కొట్టేసిన మాటను మళ్ళీ రాసుకోమన్నాను. వాడికి కోపం వచ్చింది.

వాడి కోపం న్యాయమైనదే. గుంటూరు జిల్లాలో ఏ పంట పండుతుందన్న దానిపై రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెబితే, బస్సెక్కి వెళ్ళి చూసి రావచ్చు. సిరోడిల్‌కు వెళ్ళే బస్సు లేదు. అక్కడ నేల లేదు, నేల గురించిన రాతలే ఉన్నాయి. ఆట తెరమీద కనబడేదే నేల కదా అని మీరు అనవచ్చు. కాని తెర కూడా ఒక సాక్ష్యమే. 2011లో వచ్చిన 'స్కైరిమ్'లో పెద్ద నగరమని పేరున్న చోట కూడా లెక్కపెడితే కొన్ని పదుల మంది మాత్రమే కనిపిస్తారు. ఒక రాజధాని నుంచి మరొక రాజధానికి నడిచి చేరడానికి గంట కూడా పట్టదు. మన వీధి నాటకంలో నలుగురు నటులు కురుక్షేత్రంలోని సేనలన్నిటికీ ప్రతినిధులుగా నిలబడినట్టే ఇదీను. ఆ పదుల మందిని లెక్కపెట్టి 'జనాభా' గడిలో రాసేవాడు నాటకాన్ని జనగణన అనుకున్నవాడు.

కాబట్టి ఊహాలోకపు సూచికను తయారుచేసేవాడు చేర్చేవి వాస్తవాలు కావు, వాంగ్మూలాలు. ఈ మాటను మనసులో పెట్టుకుని మూడు ప్రసిద్ధ రచనలను చూద్దాం.

2. గడుల పద్ధతి: గ్రేహాక్ (1980)

'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెరమీద ఆడేది కాదు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, మాటలతో కథ నడుపుతూ ఆడేది. ఆట నడిపించే వ్యక్తి ఒకరుంటారు. మిగిలినవాళ్ళు తమతమ పాత్రల తరఫున మాట్లాడతారు. ఈ ఆట సృష్టికర్తలలో ఒకరైన గ్యారీ గైగాక్స్ 1980లో 'వరల్డ్ ఆఫ్ గ్రేహాక్' అనే చిన్న సంపుటాన్ని ప్రచురించాడు. డార్లీన్ అనే చిత్రకారిణి గీసిన పెద్ద పటం దానితో పాటు వచ్చింది. పటమంతా తేనెపట్టులాగా ఆరు కోణాల గడులు. ఒక్కొక్క గడి ముప్ఫై మైళ్ళు. ఆటగాళ్ళు "ఎన్ని రోజుల ప్రయాణం?" అని అడిగితే వేలు పెట్టి గడులు లెక్కించి చెప్పవచ్చు. ఈ సౌలభ్యాన్ని తక్కువగా చూడకండి. ఆట సగంలో ఉన్నప్పుడు వ్యాసాలు చదివే తీరిక ఎవరికీ ఉండదు.

సంపుటంలో ప్రతి దేశానికీ ఒకే నమూనా ఉంటుంది. పాలకుడు, రాజధాని, జనాభా, ఆ తర్వాత ఎల్ఫ్‌లు, మరుగుజ్జులు వంటి మిత్రజాతులు, ఆర్క్‌ల వంటి శత్రుజాతులు, చివర వనరులు. ఈ క్రమాన్ని ఒకసారి నిదానంగా చదవండి. 'జనాభా' అనే గడి ఒకటి ఉండగా మిగతా జాతులకు వేరే గడులు ఎందుకు వచ్చాయి? వాళ్ళు జనం కారా? ఆ రెండు వరుసలు దాటగానే వనరుల వరుస వస్తుంది. ఒక కొండ ప్రాంతాన్ని అక్కడి ఆర్క్‌లు ఏ పేరుతో పిలుచుకుంటారు? ఈ నమూనాలో ఆ ప్రశ్నకు గడి లేదు. గడి లేని ప్రశ్నను ఎవరూ అడగరు. గైగాక్స్‌కు దురుద్దేశం ఉందని నేను అనడం లేదు. ఆట నడిపేవాడికి తెలియవలసింది ఎవరు కలిసొస్తారు, ఎవరు మీదపడతారు అన్నదే, నమూనా ఆ అవసరం నుంచి పుట్టింది. కాని అవసరం కోసం వేసిన గడులే కాలక్రమంలో లోకస్వరూపంగా స్థిరపడతాయి.

3. మూడు గొంతుల పద్ధతి: ఫర్‌గాటెన్ రెల్మ్స్ (1987)

ఎడ్ గ్రీన్‌వుడ్ కెనడా దేశస్థుడు, వృత్తిరీత్యా గ్రంథాలయ ఉద్యోగి. ఈ సంగతి ఊరికే చెప్పడం లేదు. చిన్నతనం నుంచి తాను అల్లుకుంటూ వచ్చిన లోకాన్ని 1987లో జెఫ్ గ్రబ్ తోడ్పాటుతో ఒక పెట్టెగా వెలువరించాడు. పెట్టెలో రెండు పుస్తకాలు, పటాలు ఉన్నాయి. పటాల మీద గడులు లేవు. గడులు గీసిన పారదర్శకపు ప్లాస్టిక్ కాగితాలు విడిగా ఇచ్చారు. దూరం కొలవాలంటే పటం మీద పరుచుకోవాలి, పని అయ్యాక తీసెయ్యాలి. కొలత వేరు, నేల వేరు అన్న ఎరుక ఆ కాగితంలో ఉంది. నాకు ఈ చిన్న ఏర్పాటు పుస్తకాల కన్నా ఎక్కువ నచ్చింది.

పుస్తకాలలో మొదటిది 'సైక్లోపీడియా ఆఫ్ ద రెల్మ్స్'. ఇందులో స్థలాల ఆరోపాలను సాధారణంగా మూడు భాగాలుగా విడగొట్టారు. మొదటిది చూడగానే కనిపించేది: బాటసారి ఆ ఊళ్ళో అడుగుపెడితే కంటబడే విషయాలు. రెండవది ఎల్మిన్‌స్టర్ చెప్పినది. ఎల్మిన్‌స్టర్ ఆ లోకంలోనే నివసించే ఒక ముసలి మాంత్రికుడు. చాలా తెలిసినవాడు, కొంచెం గొప్పలు పోయేవాడు, తన ఇష్టాయిష్టాలను దాచుకోనివాడు. మూడవది ఆటకు సంబంధించిన సమాచారం: అంకెలు, నియమాలు, ఆట నడిపేవారికి మాత్రమే అవసరమైనవి.

చూపు, మాట, నియమం అని వీటికి నేను పేర్లు పెట్టుకున్నాను. ఈ విభజన వల్ల కలిగే లాభం ఏమిటో చూడండి. ఒక రాజు మంచివాడని ఎల్మిన్‌స్టర్ భాగంలో ఉంటే, ఆట నడిపే వ్యక్తి ఆ రాజును దుర్మార్గుడిగా చూపించినా పుస్తకం అబద్ధం కాదు. ముసలాయన పొరబడ్డాడంతే. అదే వాక్యం మూడవ భాగంలో ఉంటే అలా తప్పించుకునే వీలుండదు. ఎవరి మాట అన్నది వాక్యంలో రాయనక్కరలేకుండా, వాక్యం ఉన్న చోటే చెబుతుంది. తక్కువ మాటలతో ఇంత పని చేసిన అమరిక మరొకటి ఈ రంగంలో నాకు కనబడలేదు.

అయితే ఈ పుస్తకం అక్షరక్రమాన్ని ఆశ్రయించి చిక్కులో పడింది. షాడోడేల్, మిసిల్‌డేల్ అనేవి ఇరుగుపొరుగు లోయలు. ఒకదానిలో అలజడి రేగితే రెండవదానిలో తలుపులు మూసుకుంటారు. పుస్తకంలో మాత్రం ఒకటి 'ఎస్' దగ్గర, మరొకటి 'ఎమ్' దగ్గర ఉంటాయి. పేరు ముందే తెలిసినవాడికి అక్షరక్రమం వరం. పేరు తెలియక, "ఈ కొండ దాటితే ఏముంటుంది?" అని అడిగేవాడికి అది పనికిరాదు.

ఈ ఇబ్బంది ఊహాలోకాలకే పరిమితం కాదు. 'ఇంపీరియల్ గెజెటీర్ ఆఫ్ ఇండియా' ఇరవై ఆరు సంపుటాల కూర్పును గ్రంథాలయంలో చూసే అవకాశం ఉంటే చూడండి. ఆదోని ఐదవ సంపుటంలో ఉంటుంది. ఆనాడు అది ఏ జిల్లాలోని తాలూకానో ఆ బళ్ళారి జిల్లా ఏడవ సంపుటంలో ఉంటుంది. ఆదోని రైతుకు కచేరీ ఎంత దూరమో ఆ రెండు సంపుటాలనూ పక్కపక్కన తెరిస్తే గాని బోధపడదు.

2001లో వచ్చిన ఫర్‌గాటెన్ రెల్మ్స్ కొత్త కూర్పు ఈ లోపాన్ని చాలావరకు సవరించింది. లోయలన్నిటినీ ఒకే పెద్ద ప్రాంతం కింద చేర్చింది. కాని దానితో పాటు గడులు తిరిగి వచ్చాయి: రాజధాని, జనాభా, ప్రభుత్వం, మతాలు, దిగుమతులు, ఎగుమతులు. జనాభాలో ఏ జాతి వారు నూటికి ఎందరో కూడా ఇచ్చారు. గుర్రాల మీద తిరిగే ఆ లోకంలో అంత కచ్చితంగా తలలు లెక్కించిన ఉద్యోగి ఎవరో పుస్తకం చెప్పదు. ముసలి మాంత్రికుడి గొంతు తగ్గి ఎవరిదో తెలియని గొంతు పెరిగింది. వెతకడం సులభమైంది, నమ్మకం తగ్గింది. నా లెక్కలో ఇది సగం ముందడుగు మాత్రమే.

4. సామ్రాజ్యపు గొంతు: టామ్రియెల్ (1998)

ఇప్పుడు మా మనవడి ప్రశ్నకు వద్దాం. 1998లో 'రెడ్‌గార్డ్' అనే ఆటతో పాటు 'పాకెట్ గైడ్ టు ది ఎంపైర్' అనే చిన్న పుస్తకం ఇచ్చారు. సిరోడిల్ అంతులేని అడవి అని చెప్పింది ఈ పుస్తకమే. దీని ప్రత్యేకత ఏమిటంటే, ఇది ఆట తయారుచేసిన కంపెనీ మాటల్లో ఉండదు. రెండవ యుగం 864వ సంవత్సరంలో, టైబర్ సెప్టిమ్ చక్రవర్తి కాలంలో, సామ్రాజ్యపు భూగోళ సంఘం ప్రచురించిన పుస్తకంలాగా కనిపిస్తుంది. అప్పటికి ఖండమంతా చక్రవర్తి వశం కాలేదు. ఈ సంగతి మరిచిపోకుండా ప్రాంతాల వర్ణనలు చదవండి. లొంగిపోయిన రాష్ట్రాలకు మెచ్చుకోళ్ళు, లొంగని రాష్ట్రాలకు ఎత్తిపొడుపులు. భూగోళ వివరణ అనే పేరుతో దండయాత్రకు రంగం సిద్ధమవుతుంటుంది.

ఇంతటితో ఆగితే ఇది చమత్కారమైన ప్రచార పత్రంగా మిగిలేది. దీన్ని గొప్ప పుస్తకం చేసినవి దాని అంచులు. ఎవరో ఎల్ఫ్ పాఠకుడు ఈ ప్రతిని చదువుతూ అంచుల్లో చేతిరాతతో వెటకారపు వ్యాఖ్యలు రాసినట్టు ముద్రించారు. లోపలి అచ్చు అక్షరాలు ఏలినవారివి, అంచులోని చేతిరాత ఏలుబడికి ఒప్పుకోనివారిది. గ్రేహాక్‌లో గడి దొరకని జాతికి ఇక్కడ అంచు దొరికింది.

మన దగ్గర కూడా ఇలాంటి రెండు రకాల రాతలున్నాయి. జిల్లా గెజెటీర్ దొరల గొంతు. దానికి ముందు కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి తోటివారు ఊరూరా సేకరించిన కైఫియత్తులలో గ్రామస్థుల గొంతు వినబడుతుంది. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఊరికి ఆ పేరెలా వచ్చింది అన్నవి ఊరివాళ్ళు చెప్పుకున్నట్టుగా ఉంటాయి. అందులో చరిత్రకు నిలవని మాటలున్నాయని కైఫియత్తును ఎవరూ పారెయ్యరు. ఎవరు చెప్పారో తెలుసు గనుక ఎంతవరకు నమ్మాలో మనమే నిర్ణయించుకుంటాం.

ఇక అడవి సంగతి. 2006లో 'ఓబ్లివియన్' ఆట వచ్చింది. కథ సిరోడిల్‌లోనే, మూడవ యుగం 433లో జరుగుతుంది. తెరమీద ఉష్ణమండలపు అడవి లేదు. అభిమానులు గగ్గోలు పెట్టారు. తర్వాతి ఆటల్లో, ఆ లోకపు గ్రంథాల ద్వారానే, రెండు రకాల సమాధానాలు వచ్చాయి. చక్రవర్తి దైవత్వం పొంది తన శక్తితో నేల స్వభావాన్నే మార్చేశాడన్నది ఒకటి. అసలు 'అడవి' అన్న మాటే ఎత్తిరాతలో దొర్లిన పొరపాటు అన్నది రెండవది. 2014లో వచ్చిన 'ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్' ఈ చిక్కును మరింత బిగించింది. ఆ ఆట జరిగేది రెండవ యుగం 582లో. అంటే మార్గదర్శి పుస్తకానికి దాదాపు మూడు వందల ఏళ్ళ ముందు. అందులోనూ సిరోడిల్ అంతులేని అడవిగా కనబడదు. చక్రవర్తి పుట్టకముందే అడవి లేకపోతే, ఆయన దేన్ని మార్చినట్టు?

ఇక్కడ ఆగి, ఒక కాగితం మీద రెండు వరుసలు రాయండి. ప్రచురణ క్రమంలో: 1998, 2006, 2014. ఆ లోకపు కాలక్రమంలో: రెండవ యుగం 582, రెండవ యుగం 864, మూడవ యుగం 433. రెండూ కలవవు. కేవలం ప్రచురణ క్రమాన్ని పాటించే సూచిక, 'కొత్తది వచ్చింది కాబట్టి పాతది తప్పు' అంటుంది. మా మనవడు చేసింది అదే. కేవలం లోకకాలాన్ని పాటించేది, ఒక కంపెనీ పదహారేళ్ళలో మనసు మార్చుకున్న సంగతిని దాచిపెట్టి, నేలే మారిందని కథ అల్లుతుంది. ప్రతి వాక్యానికీ రెండు తేదీలు ఉండాలి. ఎప్పుడు అచ్చయింది, ఆ లోకంలో ఏ సంవత్సరానికి చెందింది అన్నవి రెండూ.

'సిరోడిల్ ఉష్ణమండలపు అడవి' అన్న వాక్యం తప్పు. 'సిరోడిల్ ఉష్ణమండలపు అడవి కాదు' అన్నదీ అంతే తప్పు. 'రెండవ యుగం 864 నాటిదిగా 1998లో వెలువడిన సామ్రాజ్య మార్గదర్శి సిరోడిల్‌ను అంతులేని అడవిగా వర్ణించింది; 2006, 2014 నాటి ఆటలు అలా చూపలేదు; ఈ భేదానికి ఆ లోకపు పండితులు రెండు కారణాలు చెబుతారు' అన్నది నిలబడుతుంది. పొడుగు వాక్యమే. కాని పొట్టి వాక్యం కోసం ఎవరో ఒకరి పక్షం వహించవలసి వస్తుంది. తటస్థంగా కనిపించే పొట్టి వాక్యం చాలాసార్లు ఏలినవారి వాక్యమే అయి ఉంటుంది. సూచికలు తయారుచేసేవాళ్ళ మీద నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

మార్గదర్శి పుస్తకానికీ లోపం లేకపోలేదు. ఒక ఊరు ఎక్కడుందో, ఎంత దూరమో చప్పున తెలుసుకోవాలంటే అది దాదాపు నిరుపయోగం. చదువుకోవడానికే తప్ప వెతుక్కోవడానికి కాదు.

5. ప్రాంతమంటే ఏది?

ఇంతవరకు 'ప్రాంతం' అనే మాటను దాని అర్థం తేలినట్టుగానే వాడాను. 2002 నాటి 'మారోవిండ్' ఆట చూస్తే తేలలేదని అర్థమవుతుంది. ఆ ఆట మారోవిండ్ రాష్ట్రమంతా చూపదు, వార్డెన్‌ఫెల్ అనే దీవికే పరిమితం. ఆ దీవిని ఆట నేల స్వభావాన్ని బట్టి విడగొడుతుంది: బూడిద నేలలు, గడ్డి భూములు, బురద తీరం ఇలా. కాని అక్కడి జనం విభజించుకునేది తాము ఏ వంశపు ఏలుబడిలో ఉన్నామన్న దాన్ని బట్టి. బల్మోరా, నిసిస్ రెండూ వెస్ట్ గ్యాష్ అనే ఒకే నేలలో ఉన్నాయి. బల్మోరా హ్లాలు వంశానిది, నిసిస్ రెడోరాన్ వంశం వైపుది. నల్లమల ఒకటే అడవి, అటు తెలంగాణకూ ఇటు ఆంధ్రప్రదేశ్‌కూ చెందుతుంది కదా, అలాగన్నమాట. నిసిస్‌ను సూచికలో ఏ శీర్షిక కింద పెట్టాలి?

రెండింటి కిందా పెట్టవచ్చు. కాగితం మీద అది ఖర్చు గనుక పాతవాళ్ళు ఒకదాన్నే ఎంచుకుని, రెండవచోట 'ఫలానా చూడుము' అని రాసేవారు. ఆ 'చూడుము' అన్న మాట చిన్నదే గాని చాలా ఉపకారి. ఊరి వివరం ఒక్కచోటే ఉండాలి. దానికి దారులు మాత్రం నేలనుంచి, ఏలుబడినుంచి, అక్షరక్రమంనుంచి ఎన్నయినా ఉండవచ్చు. వివరాన్ని రెండుచోట్ల నకలు చేస్తే కొన్నాళ్ళకు ఒకటి సవరింపబడి, రెండవది పాతబడి, మనమే మరో సిరోడిల్‌ను సృష్టించినవాళ్ళమవుతాం.

నన్ను ఎంచుకోమంటే 1987 నాటి చూపు, మాట, నియమం అనే మూడు భాగాలను, 2001 నాటి ఇరుగుపొరుగు అమరికను తీసుకుంటాను. ప్రతి వాక్యానికీ రెండు తేదీలు చేరుస్తాను. పేజీకి వెడల్పాటి అంచు వదులుతాను. గ్రేహాక్ గడులలో రాజధాని, దూరాలు మాత్రం ఉంచుకుంటాను. జనాభా గడిని తీసేస్తాను. ఈ ఎంపికతో మీరు ఏకీభవించనవసరం లేదు. ముఖ్యంగా, బల్ల దగ్గర ఆట నడిపిన అనుభవం ఉన్నవారు నాకన్నా గడుల విలువ ఎక్కువ ఎరుగుదురు.

అభ్యాసం

మీకు బాగా తెలిసిన ఒక ఊహాలోకాన్ని తీసుకోండి. ఆట కావచ్చు, సినిమా కావచ్చు, జానపద కథ కావచ్చు. అందులోని ఒక్క ప్రాంతానికి ఒక పేజీ ఆరోపం రాయండి. రాశాక ప్రతి వాక్యం పక్కన అది ఎవరి మాటో పెన్సిల్‌తో గుర్తించండి. ఎవరి మాటో తేలని వాక్యాలను కొట్టివేయకండి. వాటిని విడిగా ఒక కాగితం మీదికి ఎత్తిరాసి, సంపర్క తరగతికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి. మా మనవడి నోటు పుస్తకంలో అలాంటివి పదిహేడు తేలాయి. వాడింకా వాటి మీదే కూర్చున్నాడు.